ఊళ్ళో వ్యాపారాల చెత్తంతా ఒకే కంపెనీకి ఇచ్చేస్తే నా రెస్టారెంటు బిల్లు ఏమవుతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ముందు చెబుతాను, తేడా ఉంటే దిద్దండి. కాలిఫోర్నియాలో మధ్యరకం ఊరు. మీకో రెస్టారెంటు ఉంది. వెనక సందులో 4 యార్డుల (అంటే 4 ఘన గజాల) బిన్ ఒకటి పెట్టుకున్నారు, బండి వారానికి మూడుసార్లు వస్తుంది. ఇన్నాళ్ళూ ఎవరికి కుదిరిన కంపెనీతో వాళ్ళు మాట్లాడుకున్నారు. ఇప్పుడు సిటీ కౌన్సిల్ వ్యాపారాల చెత్తంతా ఒకే కంపెనీకి, ఏళ్ళ తరబడి కాంట్రాక్టుకి, అప్పజెప్పాలని చూస్తోంది. ఇది మోనోపలీ కాదా, బిల్లు రెట్టింపవుతుందా, ఆపడానికి వీలుందా అని అడిగారు.

నేను ఇరవై రెండేళ్ళుగా చెత్త పనిలోనే ఉన్నాను. మొదటి ఆరేళ్ళు చెత్త ఎత్తుకెళ్ళే ఒక హాలింగ్ కంపెనీలో రూట్ సూపర్‌వైజర్‌ని. ఆ తర్వాత నుంచి సిటీల తరఫున టెండర్లు, కాంట్రాక్టులు రాస్తున్నాను. కంపెనీ వాళ్ళు లెక్క ఎలా వేస్తారో, సిటీ వాళ్ళు ఎక్కడ మోసపోతారో రెండూ చూశాను. కాబట్టి నా మాటల్లో కాస్త అటూ ఇటూ మొగ్గు ఉంటే సర్దుకుని చదవండి.

మోనోపలీయే, అందులో దాపరికమేం లేదు. కానీ చట్టం ఒప్పుకునే మోనోపలీ. బిల్లు రెట్టింపవ్వాలని లేదు, తగ్గాలనీ లేదు. ఆపడం మాత్రం దాదాపు మీ చేతిలో లేదు. కౌన్సిల్ ఇంతదాకా వచ్చిందంటే స్టాఫ్ రెండేళ్ళ ముందే లెక్కలు కట్టుకుని ఉంటారు. ఆపాలని మీరు పెట్టే శ్రమలో సగం ధరల పట్టిక మీద పెడితే ఎక్కువ దక్కుతుంది. ఎందుకో కొంచెం వివరంగా చెబుతాను, ఓపిక పట్టండి.

ముందు మీ సందు సంగతి. సూపర్‌వైజర్‌గా ఉన్నప్పుడు నా పనిలో సగం తెల్లవారుజామునే. ఒక షాపింగ్ వరస వెనక సందులో నిలబడితే ఐదున్నరకి మా బండి, ఆరింటికి ఇంకో కంపెనీ బండి, దాని వెనకే మూడోది. పక్కపక్కనే ఉన్న మంగలి షాపుకి, డోనట్ షాపుకి, మందుల షాపుకి మూడు వేర్వేరు కంపెనీలు. ఫ్రంట్ లోడర్ ముందు రెండు కొమ్ముల్లాంటి ఫోర్కులు బిన్ పక్కల్లోకి దూర్చి, పైకెత్తి, దులిపి, దించడానికి పట్టేది రెండు నిమిషాలు. మిగతా రోజంతా ఒక స్టాప్ నుంచి ఇంకో స్టాప్‌కి, చివర్లో ల్యాండ్‌ఫిల్‌కి (చెత్త పూడ్చే చోటు) తిరగడమే. చెత్త వ్యాపారంలో డబ్బు మిగిలేదీ పోయేదీ ఆ తిరుగుడులోనే. ఒకే సందులో ఇరవై బిన్లు మీవైతే ఒక్కో బిన్‌కి పడే ఖర్చు బాగా పడిపోతుంది. రెండు మైళ్ళకో బిన్ అయితే మీరెంత తెలివిగా నడిపినా గిట్టదు. దీన్నే మేం రూట్ డెన్సిటీ అంటాం. ఒకే కంపెనీ వాదానికి ఆర్థికంగా ఉన్న బలమంతా ఈ ఒక్క మాటే.

రోడ్ల వాదం కూడా ఉంది, అదీ ఉత్త మాట కాదు. యాక్సిల్ మీద బరువు రెట్టింపైతే రోడ్డుకి జరిగే నష్టం సుమారు పదహారు రెట్లవుతుందన్నది ఇంజనీర్లు ఎప్పటినుంచో వాడుతున్న మోటు లెక్క. నిండిన చెత్త బండి ఒక్కసారి సందులోకి వచ్చిపోతే కార్లు ఏడాది పొడుగునా తిరిగినా చేయలేని పని చేసి పోతుంది. అవే బళ్ళు మూడు రాకుండా ఒకటే వస్తే సిటీకి తారు ఖర్చు మిగులుతుంది.

అయితే మీ సిటీని ఇప్పుడు కదిలించింది రోడ్లు కాదని నా అనుమానం. ఎస్‌బీ 1383 అయి ఉంటుంది. 2016లో కాలిఫోర్నియా చేసిన చట్టం, 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రతి వ్యాపారానికీ ఆహార వ్యర్థాలకు విడిగా ఒక బిన్ ఉండాలి, ఉందో లేదో సిటీయే చూసుకోవాలి, లెక్కలు రాష్ట్రానికి పంపాలి. పంపకపోతే సిటీకి పడే జరిమానా రోజుకు 10,000 డాలర్ల దాకా పోవచ్చు. పదిహేను కంపెనీలు పదిహేను రకాల ఎక్సెల్ షీట్లు పంపుతుంటే సిటీలో ఉన్న ఒకే ఒక్క రీసైక్లింగ్ కోఆర్డినేటర్ ఏం చేస్తుంది పాపం? ఒకే కంపెనీ ఉంటే ఒకే కస్టమర్ జాబితా. ఎవరికి గ్రీన్ బిన్ (ఆహార వ్యర్థాలది) లేదో ఒక్క పూటలో తేలిపోతుంది. స్టాఫ్ కౌన్సిల్ ముందు పర్యావరణం గురించి ఎంత చెప్పినా లోపల ఉన్న దడ ఇదే.

ఇక ధర. ఇప్పుడు మీరు కడుతున్నది మార్కెట్ ధర అనుకుంటున్నారు కదా. ఒకే సందులో ఒకే సైజు బిన్‌కి, అన్నే పికప్‌లకి, ఒకరు ఇంకొకరికి రెండింతలు కట్టడం నేను చాలాసార్లు చూశాను. సేల్స్ వాళ్ళు పెద్ద సూపర్ మార్కెట్ గొలుసుకి రూట్ కోసమని దాదాపు ఖర్చుకే ఇచ్చేస్తారు, ఆ లోటు చిన్న షాపుల మీద రాబట్టుకుంటారు. బిల్లు చదవని వాళ్ళ మీద ఇంకొంచెం. ఒకే కంపెనీ వచ్చాక అందరికీ ఒకే ధరల పట్టిక. అంటే బేరం బాగా చేసినవాళ్ళు నష్టపోతారు, చేయనివాళ్ళు బాగుపడతారు. మీరు ఏ గుంపులో ఉన్నారో తెలుసుకోకుండా కౌన్సిల్‌కి వెళ్ళి గొంతు చించుకోవద్దు.

తెలుసుకోవడం తేలికే. 4 యార్డులు, వారానికి మూడుసార్లు, నెలకి 4.33 వారాలు. గుణిస్తే నెలకి దాదాపు 52 యార్డులు. మీ బిల్లులో అన్నిటికన్నా కింద ఉన్న మొత్తాన్ని 52తో భాగించండి. పైన ఉన్న సర్వీస్ ధరని కాదు, కిందిదాన్ని. ఉదాహరణకి పైన 780 డాలర్లు ఉందనుకుందాం, అంటే యార్డుకి 15. ఫ్యూయల్ సర్‌ఛార్జీ, ఎన్విరాన్‌మెంటల్ ఫీజు, అడ్మిన్ ఫీజు కలిసి కింద 1,040 అయితే మీరు నిజంగా కడుతున్నది యార్డుకి 20. ఎన్విరాన్‌మెంటల్ ఫీజు ఏ పర్యావరణానికి పోతుందని మా బాస్‌ని ఒకసారి అడిగాను. నవ్వి ఊరుకున్నాడు. కొత్త పట్టికలో యార్డుకి 18 అని చూసి పదిహేను నుంచి పద్దెనిమిదికి పెంచారని గోల చేసేవాళ్ళు ప్రతి మీటింగులోనూ ఉంటారు. వాళ్ళకి నిజానికి రెండు డాలర్లు తగ్గుతోంది.

అలాగని సిటీలు చెప్పేదంతా నమ్మమనను. ఎదురుదెబ్బ ఎలా తగులుతుందో చూడాలంటే లాస్ ఏంజలెస్ చూడాలి. 2017 జూలైలో రీసైక్‌ఎల్‌ఏ అని మొదలుపెట్టారు. ఊరిని 11 జోన్లు చేశారు. ఏడు కంపెనీలకు పంచారు, ఒక్కో జోన్‌లో ఒకే కంపెనీ. వ్యాపారాలతో పాటు ఐదు, అంతకన్నా ఎక్కువ ఇళ్ళున్న అపార్ట్‌మెంట్లు కూడా అందులోకే వచ్చాయి. అసలు ధరలకి కాంట్రాక్టులో పరిమితి ఉంది. కొంపముంచినవి కొసరు ఛార్జీలు. బిన్ బండికి 100 అడుగుల కన్నా దూరంగా ఉందా, తోసుకొచ్చినందుకు డబ్బు. గేటు తాళం తీయాలా, దానికి డబ్బు. ఇవన్నీ కాంట్రాక్టులో ముందే రాసి ఉన్నాయి, కౌన్సిల్ ఓటేసింది, అంతా పబ్లిక్ రికార్డే. కాకపోతే పాత కంపెనీలు ఆ పనులన్నీ మొత్తం ధరలోనే కలిపేసుకుని చేస్తుండేవి, కాబట్టి అవి విడిగా పడితే ఎంతవుతుందో ఎవరూ లెక్క వేయలేదు. కొందరికి బిల్లు రెట్టింపూ దాటింది. ఫిర్యాదుల వరద వచ్చాక కౌన్సిల్ కంపెనీలతో మళ్ళీ కూర్చుని కాంట్రాక్టులు సవరించుకోవాల్సి వచ్చింది.

మీ రెస్టారెంటు బిన్ ఎన్‌క్లోజర్‌లో ఉందా? దానికి తాళం ఉందా? అక్కడినుంచి బండి ఆగే చోటుకి ఎన్ని అడుగులు? టేపు పట్టుకుని ఇవాళే కొలవండి. నేనొక ఊళ్ళో ధరల పట్టిక రాస్తున్నప్పుడు దూరం కొలిచే చక్రం తోసుకుంటూ రెండు రోజులు సందులు తిరిగాను. యాభై అడుగుల గీత పెడితే ఊళ్ళో సగం రెస్టారెంట్లకి కొసరు పడుతుందని అప్పుడు తెలిసింది. ఆఫీసులో కూర్చుంటే యాభై అడుగులు చాలా దూరమే అనిపిస్తుంది. చివరికి ఆ ఛార్జీ తీసేసి, మొత్తం ధర మీద అందరికీ కొద్దిగా పెంచాం. ఇది న్యాయమా అంటే, బండి నేరుగా వచ్చే షాపులవాళ్ళు కాదంటారు. నేనైతే ఊహించగలిగే బిల్లే మంచిదంటాను.

బాగా కుదిరిన చోటు కావాలంటే శాన్ హోసే. 2012 జూలై నుంచి అక్కడ వ్యాపారాల చెత్తంతా రిపబ్లిక్ సర్వీసెస్ ఒక్కటే ఎత్తుతోంది. వాళ్ళు చేసిన తెలివైన పని, కస్టమర్‌ని ఐదు రకాలుగా వేరుచేయమని సతాయించకుండా తడి, పొడి అని రెండే పెట్టుకున్నారు. పొడి చెత్త సార్టింగ్ లైన్‌కి పోతుంది, తడి చెత్తని గాలి తగలకుండా పులియబెట్టి గ్యాస్ తీసే ప్లాంటుకి పంపుతారు. అంత పెద్ద ప్లాంటు కట్టడానికి బ్యాంకు అప్పివ్వాలంటే పదిహేనేళ్ళ పాటు అంత సరుకు వస్తుందన్న హామీ ఉండాలి. కస్టమర్లు ఎప్పుడంటే అప్పుడు మారిపోయే మార్కెట్‌లో ఆ హామీ ఎవరూ ఇవ్వలేరు. సుదీర్ఘ కాంట్రాక్టుకి నేను ఒప్పుకునే సరైన కారణం ఇదొక్కటే. ప్లాంటు లేదు, కొత్త బళ్ళు లేవు, అయినా పదిహేనేళ్ళు కావాలంటే మాత్రం ఎందుకని గట్టిగా అడగండి.

న్యూయార్క్ దారి వేరు, అది వేరే చరిత్ర. అక్కడ 1950ల చివరినుంచీ వ్యాపారాల చెత్తని సిటీ ముట్టుకోలేదు, అంతా ప్రైవేటే. పేరుకి పోటీ, లోపల మాఫియా కూటమి. ఏ షాపు ఏ కార్టర్‌దో (అక్కడ చెత్త ఎత్తే కంపెనీని అలా అంటారు) ఆస్తి హక్కులా రాసుకుని, ఒకరి స్టాప్ ఇంకొకరు తాకకుండా, స్టాప్‌లు అమ్ముకుంటూ కొనుక్కుంటూ నడిపారు. 1995లో కేసులు, 1996లో కొత్త చట్టం, లైసెన్సుల మీద గట్టి నిఘా. 'బోలెడు కంపెనీలుంటే చాలు, పోటీ ఉన్నట్టే' అనే వాళ్ళకి నేను ఈ కథ చెబుతుంటాను. ఆ ఊరు 2019లో మళ్ళీ చట్టం చేసి 20 జోన్లు పెట్టింది, కానీ జోన్‌కి ఒకటి కాకుండా మూడు కంపెనీల దాకా ఉండొచ్చంది. మొదటి జోన్ క్వీన్స్ సెంట్రల్, 2025 జనవరిలో పూర్తిగా అమల్లోకి వచ్చింది. మూడు కంపెనీలుంటే తిరుగుడు కొంత మిగులుతుంది, కస్టమర్‌కి అలిగి మారిపోయే వీలూ కొంత మిగులుతుంది. మీ కౌన్సిల్ ఒకటే అని తేల్చేయకముందే ఈ మధ్యేమార్గం గురించి ఎవరైనా అడిగారా అని స్టాఫ్ రిపోర్టులో వెతకండి.

శాన్ ఫ్రాన్సిస్కో గురించి కూడా ఒక మాట. అక్కడ అసలు టెండరే లేదు. 1932 నాటి సిటీ చట్టం కింద ఇచ్చిన పర్మిట్లు చేతులు మారి మారి చివరికి అన్నీ రీకాలజీ అనే ఒకే కంపెనీ దగ్గరికే చేరాయి. పోటీ టెండర్ పెట్టాలని 2012లో ఓటుకి పెడితే జనమే కొట్టేశారు, ఎందుకంటే సేవ బాగుంది. 2021లో ఏమైంది? జనం దగ్గర ఎక్కువ వసూలు చేశారని తేలి 9.45 కోట్ల డాలర్లు వెనక్కి ఇచ్చే ఒప్పందం కుదిరింది. ధరల లెక్కల్లో దొర్లిన తప్పుని ఏళ్ళ తరబడి ఎవరూ పట్టుకోలేదు. కంపెనీ మంచిదే, చెత్త బాగానే ఎత్తుతుంది, అయినా లెక్క చూసేవాడు నిద్రపోతే ఇలాగే అవుతుంది. మీ ఊరి కాంట్రాక్టులో ఆడిట్ హక్కు ఉందా, ఆ ఆడిట్ ఖర్చు ఎవరిది, ఎన్నేళ్ళకోసారి, ఇవి చూడండి.

ఏటా ధర పెంచే సూత్రం దగ్గర కూడా జాగ్రత్త. కాంట్రాక్టు మధ్యలో ఎక్కడో ఒక పేరాలో ఉంటుంది, ఎవరూ చదవరు. మామూలు ధరల సూచీకి కట్టడం ఒక పద్ధతి. చెత్త సేకరణకు విడిగా ఉన్న సూచీకి కట్టడం ఇంకో పద్ధతి, కంపెనీలకి అదే ఇష్టం. వినడానికి సబబుగానే ఉంటుంది, చెత్త ధరని చెత్త సూచీతో పెంచడంలో తప్పేముంది అని. కానీ ఆ సూచీ దేనితో తయారైంది? ఇవే కంపెనీలు దేశమంతా పెంచిన ధరలతో. వాళ్ళు పెంచితే సూచీ పెరుగుతుంది, సూచీ పెరిగింది కాబట్టి వాళ్ళు మళ్ళీ పెంచుతారు. ఏ సూచీ అయినా సరే, ఏడాదికి ఇంతకి మించి పెంచకూడదని ఒక గరిష్ఠ పరిమితి ఉండాలి. ల్యాండ్‌ఫిల్ టిప్పింగ్ ఫీజుని (అక్కడ చెత్త దించడానికి కట్టేది) దీని బయట పెట్టి, పెరిగితే పెరిగినంతా మీ మీదికే తోసేస్తున్నారేమో అదీ చూడండి. ఆ ల్యాండ్‌ఫిల్ కూడా అదే కంపెనీదైతే ఇంకా జాగ్రత్త.

ఫ్రాంచైజ్ ఫీజు, అంటే ఆ ఒక్క కంపెనీకి ఇచ్చే హక్కుకి రుసుము, దాని సంగతి సిటీ వాళ్ళు మెల్లిగా మాట్లాడతారు. కంపెనీ తన స్థూల ఆదాయంలో కొంత శాతం సిటీకి కడుతుంది. 10 శాతం మామూలే, అంతకన్నా ఎక్కువున్న ఊళ్ళూ ఉన్నాయి. ఆ డబ్బు కట్టేది ఎవరు? మీరే, బిల్లులో కనపడకుండా. ఈ ఫీజు నిజానికి పన్నే కదా, ఓటింగ్ పెట్టకుండా ఎలా వేస్తారని ఓక్లండ్‌లో జనం కోర్టుకెక్కితే, 2022లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు కేసు మొదట్లోనే కొట్టేయడానికి వీల్లేదంది. సిటీలకి అప్పటినుంచీ ఈ విషయంలో కాస్త భయం ఉంది. మీటింగులో ఫీజు శాతం ఎలా నిర్ణయించారని ఒక్క ప్రశ్న వేస్తే సిటీ అటార్నీ తల ఎత్తి చూస్తారు.

అదే ఓక్లండ్ రెస్టారెంట్లవాళ్ళకి ఇంకో పాఠం. 2015లో కొత్త కాంట్రాక్టు ధరలు వచ్చినప్పుడు కంపోస్ట్ బిన్ ధర మామూలు చెత్త బిన్ కన్నా ఎక్కువ పడింది. బుద్ధిగా వేరుచేసే వాళ్ళకే శిక్ష. గొడవయ్యాక తగ్గించారు. మీ చెత్తలో బరువంతా ఆహారమే కాబట్టి మీరు పట్టికలో మొదట చూడాల్సింది గ్రీన్ బిన్ గడి. అది నల్ల బిన్ (మామూలు చెత్తది) కన్నా బాగా తక్కువ ఉండాలి. వాసన వల్ల ఎక్కువసార్లు ఎత్తించుకోక తప్పదు, కాబట్టి వారానికి మూడుసార్ల ధర కూడా చూడండి, ఒక్కసారి ధర చూసి సంబరపడొద్దు.

ఇప్పటి కంపెనీ రేపే వెళ్ళిపోతుందన్న భయం అక్కర్లేదు. ఊళ్ళో చట్టబద్ధంగా మూడేళ్ళకు పైగా పనిచేస్తున్న కంపెనీని పక్కకి తప్పించాలంటే రాష్ట్ర చట్టం ప్రకారం నోటీసు ఇచ్చి, ఐదేళ్ళ దాకా కొనసాగనివ్వాలి. తెలివైన సిటీలు ఆ నోటీసు ఎప్పుడో పంపేసి మౌనంగా ఉంటాయి. మీ ఊళ్ళో ఎప్పుడు వెళ్ళిందో సిటీ క్లర్క్‌ని అడిగితే చెబుతారు, ఆ తేదీ తెలిస్తే మీకు మిగతా క్యాలెండరంతా తెలిసిపోయినట్టే. ఈలోగా సేల్స్ కుర్రాడెవరైనా మంచి ధర అంటూ ఐదేళ్ళ కాగితం పట్టుకొస్తే సంతకం పెట్టకండి. ఇప్పుడున్న కాంట్రాక్టు కూడా తీసి చూడండి. వద్దని గడువుకి ముందే రిజిస్టర్డ్ ఉత్తరం రాస్తే తప్ప దానంతటదే మళ్ళీ మూడేళ్ళో ఐదేళ్ళో సాగిపోయే షరతు చాలావాటిలో ఉంటుంది. ఆ ఉత్తరం ఇప్పుడే రాసి పడేయండి. సిటీ చట్టం వల్ల సేవ ఆపేయాల్సి వచ్చిన కంపెనీ మీ దగ్గర పెనాల్టీ రాబట్టడం కష్టమే, కానీ మీ కాగితం నేను చూడలేదు కాబట్టి ఒక లాయరుకి చూపించండి.

'అన్నీ ఒకరికే' అన్నా అన్నీ కాదు. అట్టపెట్టెలు మీరు ఎవరికైనా డబ్బుకి అమ్ముకుంటే అది చెత్త కాదని 1994లోనే కాలిఫోర్నియా సుప్రీంకోర్టు చెప్పింది. కొనేవాడు మీకు డబ్బివ్వాలి. అదే మీరు డబ్బిచ్చి పంపిస్తే అది చెత్తే, ఫ్రాంచైజ్ కంపెనీ సొమ్ము. వాడేసిన వంట నూనె వ్యవహారమూ వేరే, దాన్ని పట్టుకెళ్ళే వాళ్ళు వేరే లైసెన్సు మీద పనిచేస్తారు. కొత్త కంపెనీ మనిషి వచ్చి ఇవన్నీ మాకే ఇవ్వాలంటే తలూపేయకండి. ఆహార వ్యర్థాలు బొత్తిగా లేని మీ పక్క షాపు వాళ్ళకి కూడా ఒక మాట చెప్పండి: మొత్తం చెత్త వారానికి 2 యార్డులు, ఆపైన ఉండి అందులో ఆర్గానిక్స్ (ఆహారం లాంటి కుళ్ళే చెత్త) 20 గ్యాలన్లకు తక్కువైతే గ్రీన్ బిన్ నుంచి మినహాయింపు అడగొచ్చు. 2 యార్డుల లోపు వాళ్ళకి ఆ గీత 10 గ్యాలన్లు. మీకు మాత్రం ఇది రాదు లెండి.

ఇంకొకటి చెప్పాలి, ఎవరూ ముందుగా ఆలోచించనిది. మార్పు జరిగే ఆ రెండు వారాలు. నేను పనిచేసిన ఒక ఊళ్ళో, పేరొద్దు, పాత కంపెనీలు శుక్రవారమే బిన్లు పట్టుకుపోయాయి. ఆఖరి రోజు దాకా ఎందుకుంచుతారు, వాళ్ళ ఆస్తి అది. కొత్త బిన్లు మంగళవారానికి గానీ రాలేదు. మధ్యలో శని, ఆదివారాలు. ఒక రెస్టారెంటు వెనక పార్కింగ్ రెండు గడుల్లో నల్ల సంచుల గుట్ట, దాని మీద సీగల్స్, కింద నుంచి కారుతున్న నీళ్ళు డ్రైన్ వైపు. ఓనరు ఫోను నా చెవి దగ్గర పెట్టి వినిపించాడు: 'మీ ముందు నూట నలభై కాల్స్ ఉన్నాయి.' హెల్త్ ఇన్‌స్పెక్టరు సోమవారం వచ్చింది. ఆవిడ తప్పేం లేదు. ఆ కాంట్రాక్టు మేం రాసిందే. పాత బిన్ తీసే రోజే కొత్తది పెట్టాలన్న వాక్యం అందులో లేదు. ఇప్పుడు నేను రాసే ప్రతి కాంట్రాక్టులోనూ అది మొదటి పేజీల్లోనే ఉంటుంది, తప్పితే రోజుకు ఇంత అని జరిమానాతో సహా. మీ కౌన్సిల్‌లో మూడు నిమిషాలు మాట్లాడే అవకాశం వస్తే ఈ ఒక్క వాక్యం అడిగినా మీ ఊరి రెస్టారెంట్లన్నీ మీకు రుణపడి ఉంటాయి.

డ్రైవర్ల విషయం ఇక్కడే. పాత డ్రైవర్‌కి మీ గేటు తాళం ఏ రాయి కింద ఉంటుందో తెలుసు. కొత్తాయనకి తెలియదు, ఇంకో చోటికి వెళ్ళాలి, గేటు మూసి ఉందని ఫోటో తీసి పోతాడు. మీకు 'రెండోసారి వచ్చినందుకు' ఛార్జీ. పాత కంపెనీల డ్రైవర్లని పనిలోకి తీసుకోమని కాంట్రాక్టులో ఉంటే ఈ బాధ సగం తగ్గుతుంది, ఆ మనుషుల ఉద్యోగాలూ నిలుస్తాయి.

పోటీ పోతుందని బాధపడ్డారు కదా. నిజమే, ఇకమీదట మీరు ఫోను తీసి ఇంకో కంపెనీని పిలవలేరు. ఆ పోటీ అంతా టెండర్ వేసే ఆ ఏడాదిలోకి వెళ్ళి కూర్చుంటుంది. అప్పుడు నలుగురు వచ్చి పోటీ పడితే పదేళ్ళు ధర బాగుంటుంది, ఒక్కరే వస్తే లేదు. కాబట్టి మీ సిటీ టెండర్ పెడుతోందా, లేక ఇళ్ళ చెత్త ఎత్తుతున్న కంపెనీకే చేతిలో పెట్టేస్తోందా అన్నది నాకు అన్నిటికన్నా ముఖ్యం. రెండోదైతే మాత్రం మీతో పాటు నేనూ వ్యతిరేకిస్తాను, కౌన్సిల్‌కి ఉత్తరం కావాలంటే రాసిస్తాను.

ఇక మీరు చేయాల్సిన పని. రాబోయే మూడు వారాలు బండి వచ్చేముందు బిన్ మూత ఎత్తి ఫోటో తీయండి. తొమ్మిది ఫోటోలు. మీ వంటవాళ్ళలో పొద్దున్నే వచ్చే వాళ్ళకి చెప్పినా చాలు. నా అంచనా, సగటున అరవై శాతం కన్నా నిండి ఉండదు. అట్టపెట్టెలు నలగ్గొట్టకుండా వేస్తుంటే నిండినట్టు కనిపిస్తుంది, కాబట్టి ఆ మూడు వారాలూ నలగ్గొట్టి వేయించండి. అరవై శాతమే అయితే నెలకి మీ అసలు చెత్త 31 యార్డులు, కడుతున్నది 52కి. వారానికి రెండు పికప్‌లు చాలు. కొత్త కంపెనీ వచ్చే రోజున వాళ్ళు పాత జాబితా చూసి, ఉన్న సైజే, ఉన్న పికప్‌లే రాసేసుకుంటారు. వాళ్ళ సైట్ విజిట్ మనిషి వచ్చినప్పుడు ఈ ఫోటోలు చేతిలో ఉండాలి. ఆహారం గ్రీన్ బిన్‌లోకి పోతే నల్ల బిన్ ఇంకా చిన్నదైపోతుంది, 2 యార్డులదే సరిపోవచ్చు కూడా.

ఫోటోలు తీశాక అవీ, పోయిన మూడు నెలల బిల్లులూ, ధరల పట్టిక ముసాయిదా వచ్చి ఉంటే అదీ ఇక్కడ పెట్టండి. అకౌంటు నంబరు చెరిపేయడం మరిచిపోకండి. లెక్క కట్టి చెబుతాను.